అంచంటే ఏ అంచు

ఆ సోమవారం ఇంజినీరమ్మ తన నోటుపుస్తకంలో రాసుకున్న పనులు ఇవి:

పగిలిన చోటు ఫొటోలు తీయాలి, పక్కన స్కేలు పెట్టి.
మిగిలిన పదకొండు అద్దాలూ విప్పించి గోడకి చేరవేయించాలి. కింద చెక్క, మధ్య మధ్య అట్ట.
పాత చానల్ తీయించాలి. బోల్టులు ఎవరూ పారేయకూడదు.
స్లాబు మందం ఇంకోసారి చూడాలి.
కొత్త రెయిలింగు ఎక్కడ, దేనితో, ఎలా బిగించాలో తేల్చాలి. బుధవారంలోగా.
రిపోర్టు మీద సంతకం పెట్టాలి. అదీ బుధవారంలోగా.
అన్నయ్య పనిసంచి వదినకి ఇవ్వాలి.

మొదటి ఆరు పనులూ ఒక్క బిగిన రాసేసింది. ఏడోది రాసేటప్పుడు ‘అన్నయ్య పనిసంచి’ దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ సంచి కూడా ఇచ్చేస్తే ఇక అన్నయ్య వస్తువంటూ ఆఫీసులో ఏదీ మిగలదు.

వాళ్లు పని చేస్తున్నది కొత్తగా కడుతున్న ఒక ఆసుపత్రిలో. రెండో అంతస్తులో, రోగుల తాలూకు మనుషులు కూర్చోవడానికి పొడవాటి వరండా ఒకటి ఉంది. దానికి ఒక పక్క గోడ లేదు. కింద హాలు దాకా ముప్పై అడుగుల ఖాళీ. ఆ పక్క పొడవునా అద్దం రెయిలింగు రావాలి. పన్నెండు అద్దాలు, ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు. అవి బిగించింది అన్నయ్యే. పద్దెనిమిది రోజుల కిందట, మధ్యాహ్నం, పన్నెండో అద్దం కూడా నిలబెట్టాక అతను ఎప్పుడూ చేసే పనే చేశాడు. తను బిగించిన దానికి తనే ముందు, ఒళ్లంతా వదిలేసి ఆనుకున్నాడు. నేల చివర కాంక్రీటు పెళ్లగా ఊడొచ్చింది. అద్దమూ, దాన్ని పట్టుకున్న చానలూ, అన్నయ్యా, అన్నీ కలిసే పడ్డాయి.

ఇంజినీరమ్మ అంటే ఆ జట్టులో అందరికీ కొంచెం గర్వం. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఆ గడప దాకా ఆమెని మోసుకొచ్చింది ఎనిమిదో తరగతిలో బడి మానేసి అద్దాల కొట్లో చేరిన అన్నయ్య. చెల్లెలి చదువు పూర్తయ్యేదాకా తన పెళ్లి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఆమెకి ఈ కంపెనీలో ఉద్యోగం వచ్చిన రోజు సైటంతా తిరిగి, “రేపట్నుంచి మా చెల్లి గీసిందే నేను బిగిస్తా. ఇంట్లో దాని మాట విననుగానీ ఇక్కడ వినక చస్తానా!” అని చెప్పుకున్నాడు.

అతన్ని అందరూ ‘కొలత’ అనేవారు. పేరు పెట్టి పిలిస్తే వినిపించుకునేవాడు కాదు గానీ “ఓయ్ కొలతా!” అంటే ఏ అంతస్తులో ఉన్నా పలికేవాడు. దేన్నైనా రెండుసార్లు కొలవందే చెయ్యి వెయ్యడు. అద్దె ఇల్లు చూడటానికి వెళ్లి, అద్దె ఎంతో అడగడం మరిచిపోయి, గుమ్మం వెడల్పు ఎంతో కనుక్కుని వచ్చాడని వదిన పదిమందిలో చెప్పి నవ్వించేది.

పని అయ్యాక అలా ఒళ్లు వదిలి ఆనుకోవడానికి జట్టులో ‘మొదటి ఆనుడు’ అని పేరు. ఎవరు ఆఖరి బోల్టు బిగిస్తే వాళ్లదే ఆ వంతు. ఏ పుస్తకంలోనూ లేని నియమం అది, అన్నయ్య పెట్టింది. “మనం ఆనకుండా జనాన్ని ఆనుకోమంటే ఎలా?” అనేవాడు.

ఈ పని మొదలయ్యేటప్పుడు అన్నాచెల్లెళ్లకి చిన్న వాదన జరిగింది. అద్దం నిలబడేది అల్యూమినియం చానల్లో. ఆ చానల్ని నేలకి ఎలా పట్టించాలన్నదే ప్రశ్న.

“త్రూ బోల్టు వేద్దాం చెల్లీ,” అన్నాడు అన్నయ్య. “స్లాబుకి పైనుంచి కింద దాకా చిల్లు. కిందవైపు ఇనప ప్లేటు, దానికి నట్టు. ఇక అది ఎక్కడికి పోతుంది?”

“కింద హాల్లో నిలబడి తలెత్తితే నట్లన్నీ కనపడతాయి అన్నయ్యా. ఆసుపత్రి వాళ్లకి నచ్చదు.”

“కనపడితే ఏం? పట్టుకున్నది కనపడటం కూడా తప్పేనా?”

“యాంకరు బోల్టు చాలు. సగం లోతు చిల్లు వేస్తే లోపల అదే విచ్చుకుని బిగుసుకుంటుంది. అంచుకి నాలుగంగుళాలు ఇవతల వేస్తే ఢోకా లేదు. లెక్క వేశాను.”

“నీ లెక్కని నేనెందుకు కాదంటాను? కానీ ఇది సినిమా హాలు కాదు. ఇక్కడ ఎవరూ కబుర్లు చెప్పుకుంటూ ఆనుకోరు. లోపల మనిషిని పెట్టుకుని ఆనుకుంటారు. డాక్టరు బయటికొచ్చి ఒక మాట అంటాడు, కాళ్లలో సత్తువ పోతుంది. అప్పుడు బరువంతా ఈ అద్దం మీదే.”

“అదీ లెక్కలో ఉందిలే,” అంది ఆమె నవ్వి.

“ఏడుపు కూడా లెక్కలో పెట్టావా? అయితే సరే మేడమ్ గారూ. మీ ఇష్టం.”

డ్రాయింగు ఇంగ్లీషులో ఉంటుంది. జట్టులో అది చదవగలిగినవాళ్లు లేరు. అందుకని ప్రతి పనికీ ఆమె ఒక చిన్న చీటీ తెలుగులో రాసి అన్నయ్యకి ఇచ్చేది. కంపెనీ అడిగిన పని కాదది. అన్నయ్య ఎవరో ఒకరి చేత చదివించుకోవడం చూడలేక తనకి తానే పెట్టుకున్న పని.

*

సోమవారం పొద్దున ఆమె సైటుకి వెళ్లేసరికి డ్రిల్లు తాత అక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా కాంక్రీటుకి చిల్లులు వేస్తున్న మనిషి. చెవులు సగం పోయాయి. ఆ సగం తనకి నచ్చని మాటలకే పోయిందని జట్టులో అనుకుంటారు.

వరండా చివర తాళ్లు కట్టి ఉన్నాయి. పన్నెండో అద్దం ఉండాల్సిన చోట నేల కొరికేసినట్టుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. నేల చివర నిలువుగా రాయి అతికించి ఉంది. పైన పరిచిన రాయి దాన్ని కప్పేసింది. పెళ్ల ఊడిపోయింది కాబట్టి ఇప్పుడు కాంక్రీటు ఎక్కడ ఆగిందో, రాయి ఎక్కడ మొదలైందో పక్కనుంచి చూస్తే తెలుస్తోంది. అంతకుముందు ఎవరికీ తెలిసే వీల్లేదు.

టేపు తీసి పక్క బోల్టు దగ్గర పెట్టింది. రాయి చివర్నుంచి సరిగ్గా నాలుగంగుళాలు. ఇంకోసారి పెట్టింది. నాలుగే. ఆ పక్కది నాలుగు. వరండా పొడవునా పాక్కుంటూ వెళ్లి, ఊడకుండా మిగిలిన నలభై నాలుగు బోల్టులూ కొలిచింది. ఒక్కటంటే ఒక్కటి దారం మందం కూడా అటూ ఇటూ లేదు.

తర్వాత కాంక్రీటు చివర్నుంచి కొలిచింది. రెండుంపావు.

రాయీ, దాని వెనక సిమెంటూ కలిసి అంగుళంముప్పావు తినేశాయి. యాంకరు బోల్టు లోపల విచ్చుకునేటప్పుడు చుట్టూ ఉన్న కాంక్రీటుని బయటికి తోస్తుంది. పక్కన కండ ఉంటే ఓర్చుకుంటుంది. రెండంగుళాల్లో ఎక్కడి కండ? డ్రాయింగులో ఇంగ్లీషులో స్పష్టంగా ‘కాంక్రీటు అంచు’ అనే ఉంది. తెలుగు చీటీలో ఆమె ‘అంచు’ అని మాత్రమే రాసింది.

ఆఫీసులో అంచంటే కాంక్రీటు అంచు. మిగతాదంతా పైపూత, లెక్కలోకి రాదు. సైటులో అంచంటే చేతికి తగిలేది. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు. చిన్నప్పుడు ఇంట్లో పాత బల్ల కొలవడం నేర్పిస్తూ అన్నయ్యే చెప్పాడు: “వేలు జారి కింద పడుతుంది చూడు, అదీ అంచు.” కాలేజీలో నాలుగేళ్లు చదివాక ఆ మాటకి ఆమె నోట్లో అర్థం మారిపోయింది. మారినట్టు ఆమెకే తెలియలేదు.

“ఎంతొచ్చింది తల్లీ?” అన్నాడు తాత.

“నాలుగు. అన్నీ నాలుగే.”

“మరి! ఆఫీసు వాళ్లేమో కొలత తప్పాడని రాస్తున్నారట. వాడా తప్పేది? నా డ్రిల్లు గీతకి వెంట్రుక పక్కకి పోతే నన్ను నలుగుర్లో నిలబెట్టేవాడు.” తాత గొంతు తగ్గించాడు. “చిల్లులు మొదలుపెట్టిన పొద్దున వాడు నీకు ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నా.”

ఆమె టేపు లోపలికి చుట్టేసింది.

“నేనెవరికీ చెప్పనులే. నా చెవులు పోయాయి కదా, నన్నెవడు అడుగుతాడు? నువ్వూ చెప్పకు. వాడే ఉంటే వాడూ వద్దనే అంటాడు.”

ఆ ఫోను పదకొండు సెకండ్లు. ఆమె ఫోన్లో ఆ లెక్క ఇంకా ఉంది. ఆ పొద్దున ఆమె మీటింగులో ఉంది. బల్ల కింద ఫోను పెట్టుకుని గుసగుసగా ఎత్తింది.

“చెల్లీ, అంచంటే ఏ అంచు?”

“అంచంటే అంచే అన్నయ్యా. మీటింగులో ఉన్నా.”

“సరే సరే, పెట్టెయ్.”

అంతే. వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాటలు అవి.

“ఫోను పెట్టేసి ఏమన్నాడు తాతా?” అని అడిగింది.

తాత వినపడనట్టు డ్రిల్లు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: “‘అడిగినందుకే విసుక్కుంది, చదువుకున్నది కదా, దానికి తెలుసులే’ అని నవ్వాడు.”

*

కంపెనీ యజమానిని అందరూ పెద్దసారు అంటారు. చెడ్డమనిషి కాదు. అన్నయ్య పోయిన రోజు, అతన్ని తీసుకెళ్లిన ఆసుపత్రి గేటు దగ్గర తెల్లారేదాకా నిలబడ్డాడు. ఆమెని కూర్చోమని, టీ తెప్పించి, టైపు చేసిన కాగితం ముందుకి జరిపాడు. విచారణ అధికారికి వెళ్లాల్సిన రిపోర్టు. మధ్యలో ఒక వాక్యం: ‘బిగించిన పనివాడు డ్రాయింగులో చూపిన కొలతను పాటించలేదు.’

“డ్రాయింగు సరిగ్గా ఉంది కదమ్మా?” అన్నాడు పెద్దసారు.

“ఉంది సార్.”

“వాడు వేసింది దాని ప్రకారం లేదు కదా?”

“లేదు సార్.”

“ఇందులో అబద్ధమేమీ లేదు. నాకు మాత్రం సంతోషమా చెప్పు? పోయినవాడిని ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఉన్నవాళ్లు నిలబడాలి. మీ వదిన, ఆ పాప, ఇప్పుడు అందరికీ నువ్వే దిక్కు. నీ మీదికి వచ్చిందనుకో, ఆ ఇల్లు ఏమైపోతుంది?” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “బుధవారం సంతకం పెట్టు. కొత్తది ఎలా బిగించాలో అదీ అప్పుడే తేల్చేద్దాం. పక్కనుంచి బిగిస్తే నీటుగా ఉంటుందని ఆసుపత్రి వాళ్లు అంటున్నారు.”

ఆమె టీ తాగకుండా లేచింది. ఒక్కో మాట విడిగా చూస్తే పెద్దసారు చెప్పినవన్నీ నిజాలే. అన్నీ కలిపితే అన్నయ్య కొలత తప్పినవాడవుతున్నాడు.

*

సాయంత్రం పనిసంచి భుజానికి వేసుకుని వదిన దగ్గరికి వెళ్లింది. సంచి బరువు ఆమెకి తెలుసు. చిన్నప్పుడు అన్నయ్య పనినుంచి రాగానే ఎదురెళ్లి దాన్ని లాక్కునేది. ఎత్తలేక ఈడ్చేది.

వదిన ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను మీద ఎవరిదో నీలం జాకెట్టు సగంలో ఉంది. ఈ పద్దెనిమిది రోజుల్లో ఆ సగం ముందుకి కదల్లేదు. ఆరేళ్ల పాప మెడలో కుట్టుపని టేపు వేసుకుని నేల మీద గీతలు గీస్తోంది.

“అత్తా, నాన్నకి కొలవడం రాదా?”

“ఎవరన్నారమ్మా?”

“బళ్లో అన్నారు. మీ నాన్న తప్పు కొలిచి పడిపోయాడంట కదా అన్నారు.” పాప ఏడవటం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడుగుతోంది. “నాకు మరి నాన్నే నేర్పించాడు. నేను కొలిచేవి కూడా తప్పేనా?”

వదిన లేచి వచ్చి పాపని పక్కింటికి ఆడుకోవడానికి పంపింది.

“ఊరంతా అనుకుంటే అనుకోనీ,” అంది వదిన. “ఆ మనిషి రెండుసార్లు చూసుకోకుండా కూరలో ఉప్పు కూడా వెయ్యడు. నేను వేస్తే ఊరుకునేవాడా? ‘ఎన్ని చెంచాలు?’ అని వెనక నిలబడేవాడు. ఆ మనిషి కొలత తప్పాడంటే నేను నమ్మాలా?”

సంచి విప్పింది. సుత్తి, మూడు పానాలు, రసమట్టం, రబ్బరు చేతిపట్టు ఉన్న అద్దం కోసే కత్తి. ఒక్కోటీ తీసి, గుడ్డతో తుడిచి, నేల మీద వరసగా పెట్టింది. కుట్టిన బట్టల్ని ఎవరివి వాళ్లకి అప్పగించేటప్పుడు చూసుకున్నంత జాగ్రత్తగా. అట్టడుగున టేపు. దాని తోలు సంచిలో మడిచిన కాగితం.

“ఇది నీ రాతే కదా?”

ఆమె రాతే. ‘చానల్ మధ్యగీత అంచు నుంచి 4 అంగుళాలు. బోల్టుకీ బోల్టుకీ మధ్య 12 అంగుళాలు. ఎండ ఎక్కువగా ఉంది, నీళ్లు తాగుతూ ఉండు.’

‘అంచు’ కింద పెన్సిలుతో రెండు గీతలున్నాయి. పక్కన అన్నయ్య వంకర అక్షరాల్లో ఒకే ఒక్క మాట: ‘అడిగా’.

“ఎవర్ని అడిగాడు?” అంది వదిన.

మిషను మీది నీలం జాకెట్టు వైపు చూస్తూ నిలబడింది ఇంజినీరమ్మ. తెలియదనడానికి ఒక్క మాట చాలు. తాత చెప్పడు. పెద్దసారు అడగడు. అన్నయ్య ఎలాగూ చెప్పడు. చిన్నప్పుడు ఆమె పగలగొట్టిన వాటికి కూడా తనే తిట్లు తిన్నవాడు, ఇప్పుడు మాత్రం చెప్తాడా?

“నన్నే,” అంది.

మొత్తం చెప్పింది. మీటింగు సంగతి, పదకొండు సెకండ్ల సంగతి, అంచంటే అంచే అన్న సంగతి. రాయి అంచుకీ కాంక్రీటు అంచుకీ ఎంత తేడానో వదిన చేతిలోని టేపు తీసుకుని చూపించింది. అంగుళంముప్పావు. బొటనవేలంత కూడా లేదు. చెబుతుంటే గొంతు వణకలేదు. అలా వణక్కపోవడమే ఆమెకి సిగ్గుగా అనిపించింది.

వదిన ఆ టేపు వెనక్కి తీసుకుంది. తర్వాత సామాను ఒక్కోటీ మళ్లీ సంచిలో పెట్టింది. చీటీ మాత్రం ఆమె చేతిలో పెట్టింది.

“అడిగాడన్నమాట,” అంది. “తప్పు కొలవలేదు. అనుమానం కూడా వచ్చింది. అడిగాడు.”

“వదినా...”

“నువ్వు ఇప్పుడు వెళ్లు. నిన్ను తిట్టాలని లేదు. చూడాలని మాత్రం లేదు. పాప వచ్చేలోపు వెళ్లు.”

*

మంగళవారమంతా ఆమె వరండాలో కూర్చుని కాగితాల మీద గీస్తూ గడిపింది. దారులు మూడున్నాయి. తాత పక్కన కూర్చుని తన తీర్పులు తను ఇస్తున్నాడు.

“చానల్ ఇంకాస్త లోపలికి జరిపి, చిల్లులో కెమికల్ పోసి బోల్టు దించొచ్చు. అది విచ్చుకోదు, అతుక్కుంటుంది. అంచుని తొయ్యదు,” అంది ఆమె.

“మందు పోస్తే నిలబడుతుందంటావు. మా తమ్ముడికీ రోజూ పోస్తున్నారు, ఎక్కడ నిలబడుతున్నాడు?”

నవ్వు రావాల్సిన చోట కూడా ఆమెకి రాలేదు. తాతకీ రాలేదు. అలవాటు కొద్దీ అనేశాడు.

“ఆ చిల్లు బాగా ఊది దుమ్ము తీస్తేనే అది పట్టుకుంటుంది తాతా. తీశారో లేదో తర్వాత ఎవరికీ కనపడదు. ఇక రెండోది, పక్కనుంచి. రాయి ఊడదీసి, స్లాబు మొహానికి అడ్డంగా బోల్టులు. దారి వెడల్పు తగ్గదు. మళ్లీ రాయి అతికించేస్తే అదీ కనపడదు.”

“మూడోది?”

మూడోది ఆమె అప్పటికే గీసేసింది. అంచుకి ఆరంగుళాలు ఇవతల, పైనుంచి కిందికి చిల్లు. కింద ప్లేటు, నట్టు. వరండా వెడల్పు కొంత పోతుంది. కింద హాల్లోంచి ఎవరు తలెత్తినా కనపడుతుంది. ఊడితే ఊడిందని కనపడుతుంది, ఉంటే ఉందని కనపడుతుంది. కింద నిలబడినవాడికి చదువు రాకపోయినా ఫరవాలేదు.

తాత ఆ గీతల వైపు చూసి, “ఇది వాడిది కదా,” అన్నాడు.

“అన్నయ్యదే.”

గీత పక్కన కొలత రాయాల్సి వచ్చింది. ‘అంచు’ అని రాయబోయి ఆగింది. చెయ్యి ఆ మాట రాయలేకపోయింది. చివరికి ‘కాంక్రీటు ఆగిపోయిన చోటు నుంచి ఆరంగుళాలు. రాయిని లెక్కలో కలపొద్దు. అనుమానం వస్తే పని ఆపి అడగాలి. అడిగినవాళ్లకి వెంటనే, పూర్తిగా చెప్పాలి’ అని రాసింది. డ్రాయింగుల మీద అంత పొడుగు వాక్యాలు ఎవరూ రాయరు.

బుధవారం పెద్దసారు రిపోర్టు తెరిచేసరికి మధ్య వాక్యం కొట్టేసి ఉంది. పైన చేత్తో రాసి ఉంది: ‘బిగించిన మనిషి కొలత తప్పలేదు. నేను రాసిచ్చిన చీటీలో మాట తప్పు. అతనికి అనుమానం వచ్చి అడిగాడు. నేను సరిగా చెప్పలేదు.’ చీటీ నకలు వెనక జతచేసి ఉంది, ‘నీళ్లు తాగుతూ ఉండు’తో సహా.

“ఇది నీ మెడకి చుట్టుకుంటుందమ్మా,” అన్నాడు పెద్దసారు.

“చుట్టుకోవాల్సింది నా మెడకే సార్.”

“మీ అన్నయ్య దీనికోసమేనా నిన్ను అంత చదివించింది?”

ఆ ప్రశ్న ఆమె తనని తాను అప్పటికే వందసార్లు అడుక్కుంది. “కొలతా అని పిలిచేవారు సార్ మా అన్నయ్యని,” అంది. “ఆ పేరొక్కటే మా పాపకి మిగిలింది.”

విచారణ తేలేదాకా డ్రాయింగుల మీద ఆమె సంతకం చెల్లదని మర్నాడు ఉత్తర్వు వచ్చింది. త్రూ బోల్టు డ్రాయింగు మాత్రం వేరొకరి సంతకంతో సైటుకి వెళ్లింది. నట్లు కనపడటం గురించి ఆసుపత్రి వాళ్లు ఒక్క మాట కూడా అనలేదు. అదేదో ముందే అడిగి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచనతో ఆమెకి చాలా రోజులు కంటి మీద కునుకు పడలేదు.

వదిన తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజు పాప ఫోను చేసింది. “అత్తా, బళ్లో టీచరు అందరి ముందూ చెప్పింది. నాన్న కరెక్టుగానే కొలిచాడంట.” వెనక కుట్టుమిషను చప్పుడు వినపడుతోంది. నీలం జాకెట్టు ముందుకి కదిలిందన్నమాట.

*

పన్నెండు అద్దాలూ మళ్లీ నిలబడటానికి అయిదు వారాలు పట్టింది. ఆఖరి నట్టు తాత బిగించాడు. డ్రిల్లు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ ముందుకి వచ్చాడు. ఆనుడు వంతు అతనిది.

“నేను ఆనుకుంటా తాతా,” అంది ఇంజినీరమ్మ.

“నియమం ప్రకారం నాది.”

“తెలుసు. అయినా నేనే.”

తాత ఆమె నడుముకి తాడు కట్టాడు. ఇప్పుడు ఆ నియమం కూడా చేరింది: రెయిలింగు ఎంత గట్టిగా కనపడినా, మొదటి ఆనుడుకి తాడుండాలి. ముడి రెండుసార్లు లాగి చూశాడు. అంతలో మెట్ల మీద చప్పుడైంది. వదిన. చేతిలో అన్నయ్య టేపు.

“కింద నిలబడి లెక్కపెట్టా,” అంది ఆయాసపడుతూ. “నలభై ఎనిమిది నట్లు. అన్నీ కనపడుతున్నాయి.” టేపు ఆమె చేతిలో పెట్టింది. “ఇది నీ దగ్గరే ఉండనీ. మనసు కుదుటపడిందని కాదు. ఇంట్లో ఉంటే పాప దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటోంది. చూడలేకపోతున్నా.”

ఇంజినీరమ్మ టేపు జేబులో వేసుకుని పన్నెండో అద్దం దగ్గరికి నడిచింది. ముందు అరచేతులు ఆనించింది. తర్వాత మోచేతులు. తర్వాత ఛాతీ. అన్నయ్య చేసేది ఇలా కాదని గుర్తొచ్చింది. అతను వెనక్కి చూసుకోకుండా ఒకేసారి వదిలేసేవాడు. ఆమె కూడా వదిలేసింది. కింద హాలు గచ్చు అద్దంలోంచి తెల్లగా కనపడింది. ఆ గచ్చు మీద ఒక చోట ఆమె కళ్లు ఆగిపోయాయి. అయిదు వారాలుగా, అంతకుముందు పద్దెనిమిది రోజులుగా రానిది అప్పుడు వచ్చింది. కాళ్లలో సత్తువ పోయింది. నోరు మూసుకోవడం కూడా చేతకాకుండా ఏడ్చింది. బరువంతా అద్దం మీదే.

ఏడుపు కూడా లెక్కలో పెట్టావా?

అద్దం కదల్లేదు.

తాత తాడు పట్టుకుని నిలబడే ఉన్నాడు. వదిన ఆమె వెనక దాకా వచ్చి, ముట్టుకోకుండా ఆగి, కాసేపటికి వీపు మీద చెయ్యి వేసింది.

ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు ఆ వరండాలో రోజూ జనం ఉంటారు. లోపల మనిషిని పెట్టుకుని, ఆ అద్దానికి ఆనుకుని నిలబడతారు. కింద నట్లు ఎందుకు కనపడుతున్నాయో వాళ్లకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏ మెట్ల దగ్గరో ఏ వరండాలోనో ఒక అద్దానికి ఆనుకున్నప్పుడు, మీకంటే ముందు దానికి ఒళ్లంతా వదిలి ఆనుకున్న మనిషి ఒకడు ఉండి ఉంటాడని గుర్తు చేసుకోండి. ఇతన్ని కూడా తలుచుకోండి. రెండుసార్లు కొలిచాడు, అనుమానం వస్తే అడిగాడు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. కొలతా అని అనుకోండి చాలు. ఏ అంతస్తులో ఉన్నా ఆ పిలుపుకి పలికేవాడు.